శానా పడినా

ఎవరైనా తెలుగావిడ నా ముందు కూర్చుని "పడ్డాను సిస్టర్" అంటే ఇప్పటికీ నా చెయ్యి కీబోర్డు మీద ఆగిపోతుంది. "కింద పడ్డావా, ఇంకేమైనా పడ్డావా?" అని అడుగుతాను. కొందరు నవ్వుతారు, ఇదేం ప్రశ్న అని. కొందరు మాత్రం ముందు తలుపు వంక చూసి, ఆ తరవాత నా వంక చూస్తారు. అలా చూసినవాళ్లను లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేస్తాను. ఈ అలవాటు నాకు ఏ ట్రైనింగులోనూ రాలేదు. ఒకామె దవడ విరిగి, ఇంకొకామె జాడ లేకుండా పోయాక వచ్చింది.

నేను ఖమీస్ ముషైత్‌లో నర్సును. తొమ్మిదేళ్లుగా ఒకే ఆసుపత్రి, అందులోనూ ఎమర్జెన్సీ. సౌదీ అంటే ఇసుక, ఎండ అనుకునేవాళ్లకు ఈ ఊరి సంగతి చెబితే నమ్మరు. కొండల మీద ఊరు. కొన్ని నెలలు సాయంత్రమయ్యేసరికి పొగమంచు దిగి, ఎదురుగా ఉన్న పెట్రోలు బంకు కూడా కనపడదు. ఒకసారి మా అమ్మకు వీడియో కాల్‌లో చూపిస్తే, "సెలవు పెట్టి ఊటీ వెళ్లావా, నాకు చెప్పకుండా?" అని నిలదీసింది.

మాది కోనసీమ. తెలుగంటే మాదే తెలుగని మావాళ్లకో పొగరు. నాకు అందులో రెండు పాళ్లు ఎక్కువే. హాస్టల్లో కడప, అనంతపురం అమ్మాయిలు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటుంటే, "అబ్బ, కింద సబ్‌టైటిల్స్ వెయ్యండే" అని ఏడిపించేదాన్ని. వాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు. ఆ వెక్కిరింతకు మూల్యం వాళ్లెవరూ కాదు, వేరేవాళ్లు చెల్లించారు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నేను నల్లగా ఉంటాను. చిన్నప్పుడు బంధువులందరికీ నా పేరు "ఆ నల్లపిల్ల". పెద్దయ్యాక కూడా పేరంటాలకు వెళ్తే, "చదువుకుంది కదా, రంగుదేముందిలే" అని ఓదార్చేవాళ్లు, నేనేదో జబ్బు పడి లేచినట్టు. ఈ దేశం వచ్చాక, ఇథియోపియా నుంచి వచ్చిన ఆడవాళ్లను మొదటిసారి దగ్గర్నుంచి చూశాను. ఇక్కడ అందరూ వాళ్లను హబషీలంటారు, మేమూ అదే అనేవాళ్లం. నాకంటే నల్లగా ఉన్న మనుషులను చూసి నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, కానీ అనిపించింది.

ఆ హాయికి తోడు భయం. హబషీలు యెమెన్ కొండలు దాటి దొంగతనంగా వస్తారని, కత్తులు పెట్టుకుని తిరుగుతారని మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ ఏదో ఒక మెసేజీ. ఎవరు రాశారో, ఎప్పటిదో ఎవరికీ తెలీదు. అయినా అందరం ముందుకు తోసేవాళ్లం. బజార్లో హబషీ అమ్మాయి ఎదురైతే చాలు, నా హ్యాండ్‌బ్యాగు భుజం మీంచి పొట్ట మీదకొచ్చేది.

తమాషా ఏమిటంటే, ఆ బజార్లో నా పరిస్థితీ అంతంత మాత్రమే. యూనిఫాంలో ఉంటే నేను సిస్టర్‌ని. యూనిఫాం తీసి నల్ల అబాయా వేసుకుంటే, నా రంగును బట్టి ఎవరింట్లోనో పనిచేసే షగ్గాలాని. ఒక శుక్రవారం మధ్యాహ్నం పెరుగు కొనుక్కుని వస్తుంటే ఒక కారు నా పక్కనే నడక వేగంతో వచ్చింది. అద్దం దిగింది. లోపలి మనిషి ఏ ఇంట్లో పని అని అడిగాడు, తరవాత ఇంకేదో అడిగాడు. నేను మెడలో వేలాడే ఆసుపత్రి కార్డును అబాయా లోంచి బయటికి లాగాను. అద్దం పైకి లేచింది, కారు వెళ్లిపోయింది. గదికొచ్చి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. కార్డు లేని ఆడది ఏం చూపిస్తుందన్న ఆలోచన మాత్రం ఆ రోజు రాలేదు.

మా ఎమర్జెన్సీకి రకరకాల దెబ్బలతో వస్తారు. తలకాయ పగిలి మనవాడు ఏ డ్రైవరో వచ్చాడంటే, వెనకాల పదిమంది వస్తారు. ఎవడు కొట్టాడు, దేంతో కొట్టాడు, ఎందుకు కొట్టాడు అన్నీ వాళ్లే చెబుతారు. పోలీసు కాగితం దానంతటదే తయారవుతుంది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు అలా రారు. ఒక్కళ్లే వస్తారు, లేకపోతే ఆ ఇంటివాళ్లే తెస్తారు. కంప్యూటర్లో కారణం దగ్గర మగవాళ్లకు దాడి అని ఉండేది, ఈ ఆడవాళ్లకు ఎప్పుడూ పడిపోవడమే ఉండేది. వాళ్లందరూ మెట్ల మీంచే పడేవాళ్లు. ఖమీస్‌లో ఇన్ని మెట్లున్నాయా అని ఒకసారి నేనే జోకు వేశాను. అందరం నవ్వాం.

ఆ రోజు సాయంత్రపు అసర్ నమాజు అయిపోయిన కాసేపటికి అద్దాల తలుపులు తెరుచుకున్నాయి. సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక హబషీ అమ్మాయి లోపలికొచ్చింది. చంటిపిల్లను మోసినట్టు వీపు మీద ఇంకో మనిషిని మోసుకొచ్చింది. ఆ రెండో మనిషి కాళ్లకు చెప్పుల్లేవు. ముఖం ఒకవైపు ఉబ్బిపోయి కన్ను మూసుకుపోయింది. తెల్లటి నూలు శాలువా ఒకటి గడ్డం కింద నుంచి నడినెత్తి మీదకి బిగించి కట్టి ఉంది. దవడ విరిగినప్పుడు కట్టవలసిన కట్టు అదే. నేను కట్టినా అలాగే కట్టేదాన్ని.

గార్డు అడ్డొచ్చి అరబీలో ఏదో అడిగాడు. ఆ అమ్మాయి ఒకే మాట గట్టిగా, మళ్లీ మళ్లీ అరిచింది. అతను ఆమెను భుజం పట్టి పక్కకు నెట్టి బెంచీ మీద కూర్చోబెట్టాడు. అక్కడి నుంచీ అరుస్తూనే ఉంది. ఏమని అరిచిందో ఆఖర్న చెబుతాను. ఇప్పుడే చెప్పడానికి నాకింకా ధైర్యం చాలడం లేదు.

మంచం మీద మనిషి ఇండియన్ అని తెలిశాక మా హెడ్ నర్సు, కేరళావిడ, నన్ను పిలిచింది. "హిందీ రాదట, అరబీ రాదట. నీ భాషేమో చూడు" అంది. నేను వంగి, "ఏమైందమ్మా?" అన్నాను. తెరిచి ఉన్న ఆమె ఒక్క కన్ను పెద్దదైంది. నా వేలు పట్టుకుంది.

"తెలుగాక్కా?" అంది. నోట్లోంచి మాట సరిగ్గా రావడం లేదు, రక్తం వస్తోంది. "పడినాక్కా. శానా పడినా."

అంతే అంది. నేను నిలబడి డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పాను, కింద పడిందట, మెట్ల మీంచి అని. మెట్లు అన్న మాట ఆమె అనలేదు. నేనే వేశాను. శానా అంటే చాలా అని నాకు తెలుసు. చాలా ఎవరైనా ఎలా పడతారు? నాలుగైదు మెట్లు దొర్లి ఉంటుందనుకున్నాను. కారణం దగ్గర పడిపోవడం అని నొక్కి, తరవాతి పేషెంటు దగ్గరికి వెళ్లాను. శాలువాను కత్తెరతో కోసి ఎర్ర సంచీలో పడేసింది కూడా నేనే.

గంటలోపే, వాళ్లిద్దరూ పనిచేసే ఇంటాయన వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని, పాదాల దాకా ఉన్న తెల్ల తోబు, మంచి అత్తరు వాసన, మెత్తటి మాట. అందరికీ సలాం చెప్పాడు. పనిమనిషి ఏం చెప్పిందని అడిగాడు. పడిందట అని మావాళ్లు చెప్పారు. అప్పుడాయన భుజాలు కాస్త కిందికి దిగడం నేను చూశాను. ఏదో పెద్దాయన, కంగారు పడి ఉంటాడు పాపం అనుకున్నాను. తరవాత ఆయన బెంచీ మీద ఉన్న అమ్మాయి వైపు వేలు చూపించాడు. పడలేదు, ఆ హబషీ తోసింది అన్నాడు. ఇద్దరికీ వంటింట్లో రోజూ గొడవేనట. హబషీలంతా అంతే, మీకు తెలియనిదేముంది అన్నాడు.

మాకు నిజంగానే తెలియనిదేమీ లేనట్టు ఒక్కళ్లం కూడా ఎదురు ప్రశ్న వెయ్యలేదు. గార్డు, హెడ్ నర్సు, నేను, అందరం నమ్మేశాం. తోసినదైతే మోసుకుని ఎందుకొస్తుంది అని కూడా అనిపించలేదు. "నేను అనుకుంటూనే ఉన్నా" అని నేను పక్కనున్న నర్సుతో అన్నాను. పోలీసులొచ్చి ఆ అమ్మాయిని తీసుకెళ్లారు. ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు కూడా ఆమె దగ్గర లేదు, తనను పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గరే, అంటే ఆ ఇంటాయన దగ్గరే ఉందట. వెళ్తూ వెళ్తూ తెల్లటి శాలువా కోసం మెడ చుట్టూ తడుముకుంది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనపడుతుంది, బెంచీ ఖాళీగా ఉన్న రోజుల్లో మరీ.

మనామెకు ఆపరేషను చేసి దవడకు తీగలు బిగించారు. రాయచోటి దగ్గర పల్లె, వచ్చి నాలుగు నెలలే అయింది. వాపు తగ్గేదాకా మాట లేదు. గొట్టంతో జావ పట్టేదాన్ని, డ్యూటీ అయ్యాక కూడా వెళ్లి జడ వేసేదాన్ని. నా మనిషని మురిసిపోయాను. అయిదో రోజు మధ్యాహ్నం, పళ్ల సందు లోంచి ఆమె మొదటిసారి మాట్లాడింది.

"ఆ పిల్ల యాడుందక్కా?"

"ఇంకేం భయం లేదు. పోలీసులు పట్టుకుపోయారు" అన్నాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

ఆమె లేవబోయింది. "యాటికి? ఆ పిల్ల యేం జేసింది?"

"నిన్ను తోసింది కదమ్మా."

"ఎవురు జెప్పినారు?"

"ఇంటాయన చెప్పాడు. నువ్వూ పడ్డానన్నావుగా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. నాకు తెలుగు వచ్చో రాదో తేల్చుకుంటున్నట్టుంది.

"కింద పడినానని యెప్పుడంటి నేను?" అంది. "పడినా అంటి. దెబ్బలక్కా. నాలుగు నెలల్నించీ పడతానే ఉండా. మాటలు పడినా, తన్నులు పడినా. మా రూముకు గడియ ఉండల్యా. ఆ పొద్దు తలుపుకు బియ్యం మూట అడ్డం పెట్టుకున్యా, ఆయప్ప లోపలికి రాకుండా. దానికే ఇట్ల జేసినాడు. ఆ పిల్ల మద్దిలోకొచ్చి ఈపు అడ్డం బెట్టకపోతే నేను ఈడ ఉండేదాన్ని కాదు." ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "నన్నన్నా హిందీ అని పిల్చేవోళ్లు, ఇండియాదాన్నని. ఆ పిల్లనైతే చప్పట్లు కొట్టి పిల్చేవోళ్లు."

మా ఊళ్లో కూడా కష్టాలు పడతాం, మాటలు పడతాం, అగచాట్లు పడతాం. ఎవరో చేసినదాన్ని కూడా మనం పడతాం. మా అమ్మ జీవితమంతా పడింది, ఒక్కసారి కూడా కింద పడలేదు. ఇది నాకు తెలియని మాట కాదు. కానీ ఎమర్జెన్సీలో, ఆ యాసలో, ఆ తొందర్లో నాకు కావలసిన అర్థమే నా చెవికెక్కింది. దాడి అని నొక్కితే పోలీసు కాగితం, సాక్ష్యం, ఆ ఇంటివాళ్ల కోపం అన్నీ ఉంటాయి. పడింది అంటే నా పని ఒక్క నొక్కుతో అయిపోతుంది.

తప్పు దిద్దడానికి మాత్రం నేను గట్టిగానే పోట్లాడాను, అది చెప్పుకోవాలి. హెడ్ నర్సు, "అయిపోయినదాన్ని ఎందుకు కెలుకుతావు? నీకే చుట్టుకుంటుంది" అంది. "చుట్టుకోనివ్వండి" అని వార్డంతా వినపడేలా అరిచాను. కాగితం మీద రాసి సంతకం పెట్టాను, భాష పొరపాటు వల్ల తప్పు నమోదైంది అని. రెండు రోజుల తరవాత పోలీసుల తరఫున ఒక సౌదీ అమ్మాయి వచ్చింది. నిఖాబ్ లోంచి కళ్లు మాత్రం కనపడుతున్నాయి, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ముందు పేషెంటుతో, నన్ను కాకుండా వేరే దుబాసీని ఫోన్లో పెట్టి, గంటసేపు ఓపికగా మాట్లాడింది. తరవాత నన్ను పిలిచింది.

మా భాషలో ఆ మాట ఎలా పనిచేస్తుందో ఆమెకు అరబీలో వివరించాను. కష్టం పడటం, మాట పడటం, మెట్ల మీంచి పడటం. ఆమె కళ్లు నవ్వాయి. మాకూ ఇలాంటివి ఉన్నాయి, పొరపాటు ఎవరికైనా వస్తుంది అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు ఆమె పుస్తకంలో పేజీ తిప్పింది.

"ఇథియోపియా అమ్మాయి లోపలికి రాగానే ఏమైనా చెప్పిందా? బాగా గుర్తు తెచ్చుకో. మొదటి నిమిషంలోనే చెప్పి ఉంటే ఆమె సాక్షి. ఆమె సాక్షి అయితే ఈ కేసు నిలబడుతుంది. తరవాత చెప్పినదైతే, తనను కాపాడుకోవడానికి చెప్పిందంటారు."

ఇప్పుడు చెబుతాను. ఆ రోజు గార్డు అడిగింది, "తాహత్?" అని. పడిపోయిందా అని. ఇళ్లలోంచి వచ్చిన ఆడవాళ్లందరి గురించీ అతను అడిగేది అదొక్కటే. ఆ అమ్మాయి అరిచింది, "మా తాహత్! మా తాహత్!" అని. పడలేదు, పడలేదు అని. ఏళ్ల తరబడి ఎమర్జెన్సీలో చేసిన నర్సుకు అరబీలో అన్నిటికంటే ముందు వచ్చే మాట అదే. నేను తెలుగు పేషెంటు మీదకి వంగినప్పుడు అది నా చెవిలో ఉంది. పడిపోవడం అని నొక్కినప్పుడు కూడా బెంచీ మీంచి వినిపిస్తూనే ఉంది. నాకు అర్థమైంది. హబషీది కదా, ఏదో చేసి ఉంటుంది, తప్పించుకోవడానికి అరుస్తోంది అనుకున్నాను.

తెలుగు మాట దగ్గర నేను చేసినది పొరపాటు. ఇది పొరపాటు కాదు. విని కూడా ఎందుకు రాయలేదని ఆమె అడుగుతుంది. నా దగ్గరున్న జవాబు నోటితో చెప్పగలిగేది కాదు. లైసెన్సు పోతుందేమో, నన్ను కూడా పంపించేస్తారేమో అని భయమేసింది.

"ఏదో అరిచింది. నాకు అర్థం కాలేదు" అన్నాను. "ఆమె అరబీ నాకు తెలీదు."

ఆ మాట నేను ఆమెకు చెప్పింది అరబీలోనే. ఆమె అది రాసుకుని పుస్తకం మూసింది.

మనామె మాట వల్ల తోసిందన్న నింద పోయింది. అంతే పోయింది. సాక్షి కాలేదు, చేతిలో ఇకామా లేదు, ఇంట్లోంచి పారిపోయిందని కఫీల్ ముందే రాయించాడట. తర్హీల్‌కి తీసుకెళ్లారు, దేశం నుంచి పంపేసేవాళ్లను ఉంచే చోటుకు. ఆ తరవాత ఆమె గురించి ఎవరికీ తెలీదు. ఇక మిగిలింది మనామె మాట ఒకవైపు, ఆ ఇంటాయన మాట ఇంకోవైపు. పైగా మొదటి కాగితం మీద పడిందనే ఉంది, అయిదో రోజున దిద్దినది కూడా సొంత దేశపు మనిషే కదా అన్నారట. కేసు ఎటూ తేలకుండానే ఆమెకు దేశం విడిచి వెళ్లే ఎగ్జిట్ కాగితం వచ్చింది. మా హెడ్ నర్సు మాత్రం మీటింగులో నా నిజాయితీ గురించి అందరికీ చెప్పింది. చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు వినలేక చెయ్యి కడుక్కునే నెపంతో బయటికొచ్చేశాను.

ఆమె వెళ్లే రోజు నేనే వీల్‌చైరులో కిందికి తీసుకొచ్చాను. ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లే కారు ఇంకా రాలేదు. మంచు దిగుతోంది. ఇద్దరం ఆ బెంచీ పక్కనే ఆగాం. ఆమె దాని వంకే చూస్తూ పళ్ల సందు లోంచి అడిగింది.

"ఆ పిల్ల మీకు ఏమీ జెప్పల్యాక్కా, నా గురించి? ఆ పొద్దు లోపలికి రాంగానే?"

నేను ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దాను. సర్దిందే మళ్లీ సర్దాను.

"లేదమ్మా" అన్నాను.

కారు లైట్లు మంచులోంచి కనపడ్డాయి.

"పాపం," అంది. "బయపడినట్లుండాది."

ఈసారి ఆ మాట నాకు సరిగ్గానే అర్థమైంది. భయపడింది ఎవరో మాత్రం నేను చెప్పలేదు. బ్రేకు తీసి, కుర్చీని కారు దాకా తోశాను.